వర్జ్యంలో ఆగిపోయిన కొత్తగూడ

మొన్న మధ్యాహ్నం భోజనాల వేళ, మా అపార్టుమెంటు హాల్లో ఫ్యాను కింద కూర్చుని లోకకల్యాణం గురించి ఆలోచిస్తూ ఉండగా నా ఫోను చిన్నగా మూలిగి, మీ కోసం ఒకరు బయలుదేరారు అని చూపించింది. తీరా చూస్తే మా ఆవిడ తెప్పించిన సాంబారు ఇడ్లీ. ఆ ఇడ్లీ వచ్చింది, తిన్నాం, చేతులు కడుక్కున్నాం, కానీ ఆ వాక్యం చూసినప్పుడు నా మెడ మీద లేచి నిలబడ్డ వెంట్రుకలు సాయంత్రం దాకా కూర్చోలేదు. ఎందుకంటే, మీరు నమ్మినా నమ్మకపోయినా, ఫోనులో కనిపించేలా ఆ వాక్యాన్ని భూప్రపంచంలో అందరికంటే ముందు రాసినవాణ్ణి నేనే. దాని వల్ల ఒక పగటిపూట కొత్తగూడ మొత్తానికి ఏమైందో దగ్గరుండి చూసినవాళ్ళలో మాట్లాడగలిగినవాణ్ణీ నేనే, ఎందుకంటే నాతోపాటు చూసిన మా బావ ఆ సంగతి ఎత్తితే చాలు ఫోను పెట్టేస్తాడు.

టచ్‌ఫోను అప్పుడే వచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అదింకా కొత్త పెళ్ళికూతురులాంటి వస్తువు. కొన్నవాళ్ళు చేతిరుమాలులో చుట్టుకుని తిరిగేవారు, ఎక్కడ అరిగిపోతుందోనని ఒకే ఒక వేలితో, అదీ కడుక్కుని వచ్చి మరీ తాకేవారు. మాదాపూర్‌లో ఎవరిని కదిలించినా యాప్ చేస్తున్నాననే చెప్పేవాడు. నాకు క్షవరం చేసే ఆయన కూడా నా చెవి పక్కన కత్తెర ఆపి, తన దగ్గర ఒక ఐడియా ఉందనీ, చెబితే నేను కొట్టేస్తాననీ, అందుకే చెప్పననీ బెదిరించాడు. టీకొట్టు దగ్గర పదిమంది నిలబడితే అందులో తొమ్మిదిమంది కంపెనీ పెట్టినవాళ్ళు, పదోవాడు టీ కాసేవాడు, ఆయనా ఆలోచిస్తున్నవాడే.

అలాంటి గాలి వీస్తున్న కాలంలో మా బావ, అంటే మా అక్కగారి భర్త, నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసి, తెనాలి వైపు ఖాళీగా ఉన్న నన్ను పిలిపించి, కొత్తగూడలో ఒక ఇంటి పై వాటా కిరాయికి తీసుకుని కంపెనీ పెట్టాడు. పై వాటా అంటే ఒకటిన్నర గది, ఆ అర గది నిజానికి నీళ్ళ ట్యాంకు నీడ. మా బావ కోడు రాసేవాడు. నాకు కోడు రాదు కాబట్టి తక్కినవన్నీ నేనే చేసేవాణ్ణి, అంటే టీ తేవడం, పొగడడం, తెలుగు రాయడం.

యాప్ పేరు ప్రయాణఘడియ. మనవాళ్ళు ఎంత పెద్ద ఇంజనీర్లయినా గడప దాటేముందు వర్జ్యమో రాహుకాలమో చూస్తారు కదా. ఆ లెక్కలన్నీ కట్టి, మంచి వేళ అయితే బయల్దేరండి అనీ, కాకపోతే ఆగండి అనీ ఫోనులో చూపించడమే దాని పని. చెడ్డ వేళలో తప్పనిసరై వెళ్ళేవాళ్ళు గడప దాటి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరుతారు చూడండి, వాళ్ళ కోసం మంచినీళ్ళు తాగారా అని అడిగే బటను కూడా పెట్టాం. మా బావకి అది వ్యాపారం కాదు, నమ్మకం. వర్జ్యం నడుస్తుంటే ఆయన కంప్యూటర్ మీద ఏ కొత్త బటనూ నొక్కడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తపస్సు చేసుకుంటున్న మునిలా కూర్చుంటాడు. ఇంత చేసినా మా యాప్ పెట్టుకున్నవాళ్ళంతా కలిస్తే ఒక పెళ్ళి బంతి నిండదు. వాళ్ళలో సగం మా చుట్టాలు, మిగతా సగం మా చుట్టాల పోరు పడలేక పెట్టుకున్నవాళ్ళు.

కింది వాటాలో ఉండే ఇంటివారు కొత్తగూడ ఊరుగా ఉన్ననాటి మనుషులు. ఆ ఇంటి అవ్వ ఇప్పుడు అద్దాల మేడలున్న చోట వరినాట్లు వేసిన మనిషి. ఫలానా కంపెనీ లిఫ్టు ఎక్కడుందో సరిగ్గా అక్కడే తమ గట్టు ఉండేదని, అది ఎక్కేవాళ్ళు తనను అడగకుండా ఎక్కుతున్నారని, ఎప్పుడూ చిన్న నిష్ఠూరంగా చెప్పేది. ఆవిడకొక యారాలు ఉంది, మా వైపు తోడికోడలు అంటాం. ఇద్దరూ ఒకే పందిట్లో ఆ ఇంటికి కోడళ్ళుగా వచ్చి, ఒకే పొయ్యి దగ్గర ముఖాలు మాడ్చుకుని, ఒకరి పిల్లలకు మరొకరు స్నానాలు పోసినవాళ్ళు. అత్తగారు పోయాక పొలం అమ్మినప్పుడు అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు, పెద్దాయన చందానగర్‌లో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు, ఒకరి గడప ఒకరు తొక్కకూడదని మగవాళ్ళు ఒట్లు వేసుకున్నారు, ఆ తర్వాత ఒట్లు ఆడవాళ్ళకు వదిలేసి ఇద్దరూ కాలం చేశారు.

కోపం అయితే ఎప్పుడో చల్లారిపోయింది. ముందు ఎవరు వెళ్ళాలన్న పేచీ మాత్రం మిగిలింది. అవ్వ వయసులో పెద్దది. యారాలు వయసులో చిన్నదే గానీ పెద్దాయన భార్య కాబట్టి వరసకు పెద్దది, అవ్వ ఆవిడను అక్క అనే పిలిచేది. వయసును బట్టి ఆవిడ రావాలా, వరసను బట్టి ఈవిడ వెళ్ళాలా అన్న ఈ చిక్కు తేల్చగల పండితుడు కాశీలో కూడా దొరకడని నా అభిప్రాయం. ఈలోగా అవ్వ కళ్ళు మసకబారసాగాయి. ఇక ఏ ఆపరేషనూ పనిచేయదని, ఉన్న చూపు కూడా కొద్దికొద్దిగా వెళ్ళిపోతుందని దవాఖానలో చెప్పేశారు. అప్పటికే పొద్దు వాలితే ఆవిడకు మనుషులు నీడల్లా కనిపించేవారు. చూపు పోయేలోపల అక్క మొహం ఒక్కసారి చూడాలె అని కోడలితో రోజూ అనేది, అయితే పోదాం లేవమని కోడలంటే మాత్రం, నేనెట్ల పోత, ఆమెనే రావాలె అని అటు తిరిగి కూర్చునేది.

ఇక ఆ రోజు సంగతి. అప్పట్లో ఫోన్లకు తెలుగు వచ్చేది కాదు. ఒత్తులు ఊడి పక్కన పడేవి, దీర్ఘాలు వెళ్ళి వేరే అక్షరానికి తగులుకునేవి, మొత్తం మీద వాక్యం తుఫాను వెలిసిన మర్నాడు కొబ్బరితోటలా ఉండేది. అందుకని మేము ప్రతి మాటనూ బొమ్మగా చేసి పంపేవాళ్ళం. అది సరిగ్గా వెళ్తోందో లేదో చూడడానికి ఒత్తులు దండిగా ఉన్న వాక్యం ఒకటి రాసిమ్మని ఉదయం ఆఫీసుల వేళకు బావ అడిగాడు. నేను టీ తాగుతూ, ఏ ఆలోచనా లేకుండా, చెయ్యి తనంతట తాను కదిలినట్టుగా, ఆగండి, మీ కోసం ఒకరు బయల్దేరి వస్తున్నారు అని రాసిచ్చాను. దాన్ని మా బల్ల మీది ఫోనుకు మాత్రమే పంపాలి. కానీ వర్జ్యం ముంచుకొస్తోంది. అది ప్రవేశించేలోపల నొక్కెయ్యాలన్న ఆత్రంలో బావ వేలు అందరికీ అన్న బటను మీద పడింది. ఆ మరుక్షణం వర్జ్యం వచ్చేసింది.

కాసేపటికి నాకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. హారన్లు లేవు. కొత్తగూడ చౌరస్తాలో ఆఫీసు వేళ హారన్ లేకపోవడమంటే సముద్రం ఒడ్డున అలల చప్పుడు లేకపోవడమే. డాబా మీదికెళ్ళి తొంగిచూశాను. ఎదురుగా హాస్టలు బాల్కనీల్లో ఆడపిల్లలు తలలు తుడుచుకుంటూ వరసగా నిలబడి రోడ్డు చివరికి చూస్తున్నారు. క్యాబులు పక్కకు ఆపి డ్రైవర్లు బానెట్లకు ఆనుకుని అటే చూస్తున్నారు. ప్రతి గేటు ముందూ ఎవరో ఒకరు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. పెళ్ళి బంతి నిండని మా జనంతో వీధి వీధంతా ఎలా నిలబడిందో చూద్దామని కిందికి దిగాను.

టీకొట్టు దగ్గర గ్లాసులన్నీ నిండుగా ఉన్నాయి, ఎవరూ తాగడం లేదు, టీల మీద మీగడ కడుతోంది. టీ కాసే ఆయనను ఎవరి కోసమని అడిగాను. ఆయన నా వైపు చూడకుండానే, "ఏమో సార్. వస్తున్నరంట గదా" అన్నాడు. ఎవరు చెప్పారంటే గడ్డంతో పక్కకు చూపించాడు. అక్కడ అపార్టుమెంటు వాచ్‌మన్ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు టచ్‌ఫోను కాదు సరికదా, ఏ ఫోనూ లేదు. నీ కోసం కూడానా అన్నాను. "అందరి కోసం వచ్చేటోళ్ళు నా కోసం రారా సార్?" అన్నాడు నెమ్మదిగా. ఎంతసేపు నిలబడ్డా రోడ్డు మీద ఎవరూ రాలేదు. వచ్చేవాళ్ళు కూడా తమ కోసం ఎవరో వస్తున్నారని ఎక్కడో నిలబడిపోయి ఉంటారు కదా అన్న ఆలోచన అప్పుడు తట్టింది నాకు.

పరుగున పైకి వచ్చి, తప్పయింది, ఇది ఊరికే పరీక్షకు పంపినది అని అందరికీ చెప్పెయ్యమని బావను బతిమాలాను. ఆయన అప్పటికే చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

"వర్జ్యంలో బటను నొక్కమంటావేంట్రా?"

"ఊరంతా శిలల్లా నిలబడిపోయారు బావా."

"నిలబడనీ. వర్జ్యంలో చెప్పిన క్షమాపణ క్షమాపణ అవదు, ఇంకో తగాదా అవుతుంది. గంటన్నర ఓపిక పట్టు."

ఓపిక పట్టడానికి కిందికి దిగితే అవ్వ కనిపించింది. గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, పెట్టె అడుగున ఉండే పట్టుచీర కట్టుకుని, మసక కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. లోపల్నుంచి బగారన్నం వాసన వస్తోంది. మా యాప్ ఉన్నది కోడలి ఫోనులో. ఆ వాక్యం కోడలు చదివి వినిపించినప్పటి నుంచీ అవ్వ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. కోడలు నన్ను చూసి గొంతు తగ్గించి, "అన్నా, ఎవరూ రాకపోతే ఈ మనిషి ఇగ మనకు దక్కది. జర ఏమన్న చెయ్యి" అంది.

నేను కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, అదంతా అక్షరాలు సరిచూసుకోవడానికి పంపినదనీ, రాసింది నేనేననీ నెమ్మదిగా చెప్పబోయాను.

"నువ్వే రాసినవా?" అంది అవ్వ.

"నేనేనండి."

"మరి ఎవరొస్తున్నరో నీకు ఎరుకనే ఉండాలె గదా బిడ్డా."

"తెలియదండి. ఊరికే రాశాను."

అవ్వ నవ్వింది. "ఊరికే ఎవరన్న రాస్తరా? నీ చేతులకెళ్ళి వచ్చింది, అంతే. వచ్చేది మా అక్కనే. నువ్వు జర పక్కకు జరుగు, తొవ్వ కానొస్తలేదు."

నా చెయ్యి తనంతట తాను కదిలిందన్న సంగతి నేను ఆవిడకు చెప్పనే లేదు. అక్కడ ఇంక కూర్చోలేకపోయాను. మేడ మీదికి వెళ్ళి, బావకు క్షమాపణ వాక్యం ఇవ్వకుండా ఇంకోటి రాసిచ్చాను. ఇక బయల్దేరండి, అక్కడ మీ కోసం ఎదురుచూస్తున్నారు అని. బావ దాన్ని రెండుసార్లు చదివి, ఇదీ అబద్ధమే కదరా అన్నాడు. ఊరంతా ఎదురుచూస్తూనే ఉంది, ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమన్నాను. ఆయన చూపించలేక, వర్జ్యం విడిచాక కూడా ఒక నిమిషం ఆగి, కళ్ళు మూసుకుని నొక్కాడు.

ముందు ఎక్కడో ఒక బండి స్టార్టయింది. తర్వాత ఇంకోటి. తర్వాత కొత్తగూడ కొత్తగూడంతా ఒక్కసారి కదిలింది, హారన్లు మొదలయ్యాయి, ఆ చప్పుడు నా జన్మలో అంత శ్రావ్యంగా ఇంకెప్పుడూ వినలేదు. వాచ్‌మన్ గేటుకు తాళం వేసి, తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా కొండాపూర్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తిరిగి మూడోనాడు వచ్చాడు, ఎక్కడికెళ్ళావంటే నవ్వాడు తప్ప చెప్పలేదు.

కోడలు రెండో మాట చదివి వినిపించగానే అవ్వ కుర్చీలోంచి లేచింది. "అంటే అక్క గూడ నా లెక్కనే కూసున్నదన్నట్టు. వయసు గియసు పక్కకువెట్టు, నేనే పోత" అంది. అడ్డు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కోడలిని ఇంటి దగ్గరే ఉంచి బావ పాత కారు తీశాడు, అవ్వతోపాటు నేనూ ఎక్కాను. ఆగిన జనమంతా ఒక్కసారే రోడ్డెక్కడంతో చందానగర్ చేరేసరికి మధ్యాహ్నం వాలుతోంది. యారాలి ఇంటి గేటు ముందు అచ్చం ఇలాంటిదే ప్లాస్టిక్ కుర్చీ ఉంది, పక్కన తాగని మంచినీళ్ళ గ్లాసు ఉంది, గేటుకు తాళం ఉంది. పక్కింటావిడ బయటికి వచ్చి, "ఆమె ఆటో కట్టుకొని కొత్తగూడకే పోయింది గదమ్మా, చానసేపాయె" అంది.

కోడలికి ఫోను చేస్తే నిజమేనంది. ఆవిడ వచ్చి అవ్వ కుర్చీలో కూర్చుందనీ, బగారన్నం వడ్డిస్తానంటే చెల్లె వచ్చి వడ్డిస్తేనే తింటానందనీ చెప్పింది. సరే వెనక్కి వెళదామంటే ఇక్కడ అవ్వ యారాలి కుర్చీలో కూర్చుని కదలదు. ఇంతదూరం వచ్చిన మనిషిని ఇంటివాళ్ళు ఎదురొచ్చి లోపలికి పిలవకపోతే ఎట్లా అంటుంది. అక్కడ ఆవిడదీ అదే మాట. ఇన్నేళ్ళుగా ముందు ఎవరు రావాలన్నది పేచీ, ఇప్పుడు ఇద్దరూ వచ్చేసి, ముందు ఎవరు వెళ్ళాలన్నది పేచీ అయింది. సూర్యుడు మాత్రం ఏ వరసా చూసుకోకుండా దిగిపోతున్నాడు, ఇంకాసేపైతే అవ్వకు అక్క అయినా ఒకటే, కరెంటు స్తంభమైనా ఒకటే. చివరికి నేనూ కోడలూ ఫోనులో రెండు దేశాల రాయబారుల్లా మాట్లాడుకుని, నువ్వు ఒకరినీ నేను ఒకరినీ తీసుకుని మధ్యలో హఫీజ్‌పేట దగ్గర కలుద్దాం, ఎవరూ ఎవరి ఇంటికీ వచ్చినట్టు కాదు అని ఒడంబడిక చేసుకున్నాం.

రోడ్డు పక్కన కారు ఆగేటప్పటికి ఆటో కూడా వచ్చింది. ఇద్దరూ దిగారు. పొద్దు ఎర్రగా, సరిగ్గా యారాలి మొహం మీద పడుతోంది. అవ్వ దగ్గరికి వెళ్ళి, ఆ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎండకు తిప్పి, పుస్తకం చదివినట్టు చూసింది. పక్కన లారీలు వెళ్తున్నాయి, దుమ్ము లేస్తోంది, ఆవిడ రెప్ప వేయలేదు.

"ముసలిదానివైనవ్ గదనే అక్కా" అంది చివరికి.

"నువ్వేమో పదహారేండ్ల పడుచువైతివి" అంది యారాలు. తర్వాత ఇద్దరూ కొంగులతో ఎవరి ముక్కు ఎవరు తుడిచారో నాకు సరిగ్గా కనిపించలేదు, నా కళ్ళ నిండా దుమ్ము పడింది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నాకున్న రోగం ఊరుకోలేకపోవడం. యారాలి ఇంట్లో టచ్‌ఫోను లేదని కోడలు చెప్పింది కాబట్టి, మీకు ఎవరు చెప్పారండీ అని ఆవిడను అడిగాను.

"ఒకామె గేటు కాడికొచ్చి చెప్పింది బిడ్డా. ఆగు, నీ కోసం ఒకరు బయల్దేరి వస్తున్నరు అన్నది. మళ్ళ వచ్చి, ఇగ నువ్వే పో, ఆడ నీ కోసం కూసున్నరు అన్నది. ఎవరో గుర్తువట్టలే. తలమీదికెళ్ళి కొంగు కప్పుకున్నది."

మొదటిసారి ఎప్పుడు వచ్చిందన్నాను. పాలవాడు ఇంకా రాలేదట. అంటే తెల్లవారీ తెల్లవారకముందు. ఆ వేళకు ఆ వాక్యం రాయాల్సిన నేను కొత్తగూడలో చాప మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను.

బావ వెళ్ళి కారెక్కి తలుపు వేసుకున్నాడు. అవ్వ మాత్రం యారాలి చెయ్యి వదలకుండా, కూరలో ఉప్పు సంగతి చెబుతున్నంత మామూలుగా, "అత్తమ్మనే అయ్యుంటది. మనం అలిగితే ఇద్దర్ని ఒక్క పళ్ళెంల కూసోవెట్టి తినిపియ్యకపోతుండెనా" అంది. అవును గదా అన్నట్టు యారాలు తలూపింది. వాళ్ళకు అందులో భయపడాల్సిందేమీ కనిపించలేదు. చీకటి పడకముందే ఇద్దరూ ఒకే ఆటో ఎక్కి కొత్తగూడ వెళ్ళారు, ఎందుకంటే బగారన్నం అక్కడ ఉంది.

మర్నాడు బావ యాప్‌ను మార్కెట్‌లోంచి తీసేశాడు, ఆ వారంలోనే ఒక పెద్ద కంపెనీలో చేరి, ఎవరికీ ఏ కబురూ పంపనక్కర్లేని ఉద్యోగం అడిగి మరీ వేయించుకున్నాడు. అవ్వ చూపు వానలు పడకముందే పూర్తిగా పోయింది. యారాలు అప్పటికి మకాం కొత్తగూడకు మార్చేసింది, ఎవరింటికి ఎవరు వచ్చినట్టన్న లెక్క మాత్రం తెమలలేదు, అది అడిగినవాళ్ళను ఇద్దరూ కలిసి తిట్టేవారు. అన్ని మొహాలూ చెరిగిపోయాయి గానీ ఎండ పడ్డ అక్క మొహం ఒక్కటి కళ్ళలో అట్లనే ఉన్నదని అవ్వ చివరిదాకా చెప్పింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ లేచిన మేడకు గేటు లేదు, బారుకర్ర ఉంది, అది కార్డు చూపిస్తే లేస్తుంది. ఆ పక్కగా వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను, మన పెద్దవాళ్ళు ముందు ఎవరు రావాలన్న దాని మీద ఏళ్ళకేళ్ళు అలిగేవారంటే, రావడమన్నది అంత పెద్ద విషయం వాళ్ళకు. ఇదే ఊళ్ళో ఉన్న నా తోడబుట్టినవాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు, వాళ్ళూ రాలేదు, దాని మీద మాలో ఎవరికీ కోపం కూడా లేదు. ఆ కోపం లేకపోవడమే ఈమధ్య నన్ను భయపెడుతోంది.